ఐఐఎంలో సీటు వచ్చింది, చేరడానికి రెండు నెలలుంది: ముందు ఏం చేయాలి?

మీ ప్రశ్న చదివాను. హైదరాబాద్‌లో మూడేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు, ఇప్పుడు ఐఐఎంలో ఎంబీఏ సీటు వచ్చింది, జూన్ ఆఖర్లో చేరాలి. ఈలోపు ఏ ఆన్‌లైన్ కోర్సులు చేయాలి, బీటెక్ వాళ్ళకి ఫైనాన్స్ కష్టమా, లోన్ ఎలా, ఉద్యోగం ఎప్పుడు మానాలి అని అడిగారు. ముందుగా మీకు అభినందనలు. ఇంటర్వ్యూ దాకా వెళ్ళి ఆగిపోయినవాళ్ళు నా స్నేహితుల్లోనే ఉన్నారు కాబట్టి ఈ సీటు విలువ నాకు బాగా తెలుసు.

నాదీ దాదాపు ఇదే దారి. మాది తెనాలి దగ్గర ఊరు. మెకానికల్ బీటెక్ చేసి, హైదరాబాద్‌లో మూడేళ్ళు ఉద్యోగం చేశాను. 2018 నవంబర్‌లో ఐఐఎం ప్రవేశ పరీక్ష క్యాట్ రాసి 2019 జూన్‌లో ఉత్తరాదిలోని ఒక ఐఐఎంలో చేరాను. మీలాగే నేనూ సీటు రాగానే కోర్సుల జాబితా రాసుకున్నాను, ఐదు కోర్సులు. ఒక్కటీ పూర్తి చేయలేదు. ఇప్పుడు వెనక్కి చూస్తే అవి చేయనందువల్ల నాకు పోయింది ఏమీ లేదు. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టినవి కాగితాలు. నిజంగా ఆదుకున్నది మా నాన్నగారి ఎరువుల కొట్టు. ఈ రెండింటి గురించే ఎక్కువ చెబుతాను.

కాగితాలతో మొదలుపెడదాం. అడ్మిషన్ లెటర్‌తో పాటు ఒక పెద్ద జాబితా పంపుతారు: పదో తరగతి, ఇంటర్ మార్కుల మెమోలు, బీటెక్ కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజినల్, టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్, ఉద్యోగం చేసినవాళ్ళకి రిలీవింగ్ లెటర్. చదవగానే అన్నీ ఇంట్లో ఉన్నాయిలే అనిపిస్తుంది. ఈరోజే బీరువా తెరిచి ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూడండి. నా మైగ్రేషన్ సర్టిఫికెట్ ఇంట్లో లేదు, అసలు నేను తీసుకోనేలేదు. దాని కోసం కాలేజీకి రెండుసార్లు, యూనివర్సిటీకి ఒకసారి తిరిగాను. వేసవి సెలవుల్లో సెక్షన్‌లో ఒక్కరే ఉంటారు, ఆయన ఆరోజు రాకపోతే మన ప్రయాణం వృథా. మీ యూనివర్సిటీ గ్రేడ్లు ఇచ్చి ఉంటే సీజీపీఏని శాతంలోకి మార్చే లెటర్ కూడా అక్కడే అడిగి తీసుకోండి. మళ్ళీ వెళ్ళే పని తప్పుతుంది.

రిజర్వేషన్ మీద సీటు వచ్చి ఉంటే ఈ పేరా జాగ్రత్తగా చదవండి. మన దగ్గర బీసీ-ఏ, బీసీ-బి, బీసీ-డి అని రాసి ఇచ్చే రాష్ట్ర సర్టిఫికెట్ అక్కడ పనికిరాదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు, ఆ సంగతి మీకు క్యాట్ అప్లికేషన్ అప్పుడే తెలిసి ఉంటుంది. కానీ అప్పుడు పెట్టిన సర్టిఫికెట్టే ఇప్పుడూ సరిపోతుందని అనుకోకండి. ఏ తేదీ తర్వాత ఇచ్చినది కావాలో అడ్మిషన్ లెటర్‌లో ఉంటుంది. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడినవాళ్ళ కోటా) అయితే ఆర్థిక సంవత్సరం మారగానే కొత్తది తీసుకోవాల్సిందే. నేను ఏప్రిల్‌లో మీసేవలో దరఖాస్తు పెట్టాను. 2019 ఏప్రిల్ 11న మన దగ్గర ఎన్నికలు, మే 23న లెక్కింపు. తహసీల్దార్ ఆఫీసు మొత్తం ఆ పనిలోనే ఉంది. ఆ సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి జూన్ మొదటి వారం అయింది. ఆ నెలన్నర మా ఇంట్లో పడ్డ టెన్షన్ మీకు వద్దు. రేపే దరఖాస్తు పెట్టండి.

ఇప్పుడు లోన్. నేను చేసిన పొరపాటు, నాన్నగారికి ఖాతా ఉందని మా ఊరి బ్రాంచికే వెళ్ళడం. అక్కడి మేనేజర్ గారు మంచి మనిషే, కానీ ఆ బ్రాంచిలో అంత పెద్ద చదువు లోన్ ఎప్పుడూ ఇవ్వలేదు. పొలం కాగితాలు అడిగారు, వాల్యుయేషన్ అన్నారు, రెండు వారాలు పోయాయి. నిజానికి చాలా ప్రభుత్వ బ్యాంకులు పేరున్న సంస్థలతో ఒక జాబితా పెట్టుకుంటాయి. ఆ జాబితాలో ఉన్న సంస్థలో సీటొస్తే ఒక పరిమితి వరకు ఆస్తి తాకట్టు అడగరు. ఎస్‌బీఐలో దీన్ని స్కాలర్ లోన్ అంటారు. ఈ లోన్లు తరచూ ఇచ్చే పెద్ద బ్రాంచికి వెళ్ళండి. మీ ఐఐఎం సీనియర్లని అడిగితే వాళ్ళ క్యాంపస్ పక్కనున్న బ్రాంచి పేరు కూడా చెబుతారు. నా ఫైలు చివరికి గుంటూరులోని ఒక బ్రాంచికి మార్చాక వారంలో శాంక్షన్ అయింది.

నా రోజుల్లో లేనిది, మీకు ఉన్నది ఇంకొకటి: 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం. ఎంపిక చేసిన సంస్థల్లో చేరేవాళ్ళకు తాకట్టు లేకుండా, హామీదారు లేకుండా లోన్ ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ గానీ వడ్డీ రాయితీ గానీ పొందనివాళ్ళకు, 10 లక్షల వరకు లోన్ మీద 3 శాతం వడ్డీ రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తు అంతా పోర్టల్‌లోనే. మీ సంస్థ అందులో ఉందో లేదో ముందు చూసుకోండి.

వడ్డీ సంగతి ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి. మామూలుగా చదువు ఉన్నంతకాలం, ఆపైన ఒక ఏడాది ఈఎంఐ కట్టక్కర్లేదు. కానీ వడ్డీ మాత్రం డబ్బు విడుదలైన రోజునుంచే మొదలవుతుంది. మొదటి విడతగా 5 లక్షలు తీసుకుంటే 9 శాతం చొప్పున ఏడాదికి 45 వేలు. దాన్ని చివర్లో అసలుకి కలుపుతారు. ఇంట్లో వీలైతే నెలనెలా ఆ వడ్డీ మాత్రం కట్టేయండి, తర్వాత భారం బాగా తగ్గుతుంది. ఉద్యోగం వచ్చాక పాత పన్ను విధానంలో ఉంటే, మీరు కట్టే వడ్డీ మొత్తానికి ఆదాయపు పన్నులో ఎనిమిదేళ్ళ వరకు మినహాయింపు ఉంటుంది. ఇంకో మాట: సీటు ఖాయం చేసుకోవడానికి ముందు కట్టే డబ్బుకి గడువు చాలా తక్కువ ఉంటుంది, అప్పటికి లోన్ రాదు. ఆ మొత్తం చేతిలో ఉంచుకోండి, కట్టిన రసీదు జాగ్రత్త చేయండి. మా బ్యాంకు ఆ రసీదుని మార్జిన్ కింద, అంటే మనం సొంతంగా పెట్టాల్సిన వాటా కింద, లెక్కలోకి తీసుకుంది.

ఉద్యోగం విషయంలో, ఆఫర్ మీద సంతకం చేసి డబ్బు కట్టిన మర్నాడే రాజీనామా పెట్టండి. మీ నోటీసు 90 రోజులైతే ఇప్పటికే ఆలస్యం. పై చదువులకి వెళ్తున్నానని అడ్మిషన్ లెటర్ జతచేసి అడిగితే చాలామంది మేనేజర్లు తగ్గిస్తారు. నాకు 45 రోజులకి ఒప్పుకున్నారు. పీఎఫ్ డబ్బు తీసేయాలని తొందరపడకండి. ఐదేళ్ళ సర్వీసు నిండకముందు తీస్తే పన్ను పడే అవకాశం ఉంది. యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) అదే ఉంటుంది, రెండేళ్ళ తర్వాత కొత్త కంపెనీకి మార్చుకోవచ్చు.

ఆఫీసులో మీ చివరి రోజు లోపు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. రెండేళ్ళ ఎంబీఏలో మొదటి ఏడాది అయ్యాక వేసవిలో రెండు నెలల ఇంటర్న్‌షిప్ ఉంటుంది. దానికి ఎంపికలు చాలా క్యాంపస్‌లలో అక్టోబర్, నవంబర్‌లోనే జరిగిపోతాయి. అంటే చేరిన కొద్ది వారాలకే రెజ్యూమె తయారవ్వాలి, అందులో రాసే ప్రతి వాక్యానికీ ఆధారం చూపించాలి. నేను బీటెక్ మూడో ఏడాదిలో మా కాలేజీ టెక్ ఫెస్ట్ నడిపిన నలుగురిలో ఒకణ్ణి. మూడు నెలలు రాత్రీ పగలూ పనిచేశాను. చేతిలో సర్టిఫికెట్ లేదు. మా హెచ్‌ఓడీ గారు అప్పటికే రిటైరయ్యారు. ఆ వాక్యం రెజ్యూమెలోంచి తీసేయాల్సి వచ్చింది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆఫీసులో వచ్చిన అవార్డు మెయిల్స్, మీరు చేసిన ప్రాజెక్టు వల్ల ఎంత సమయమో డబ్బో ఆదా అయిందని మేనేజర్ రాసిచ్చే లెటర్, రక్తదాన శిబిరాలు, ఆటల పోటీలు, అన్నిటికీ కాగితం సంపాదించండి. క్లయింటు డేటా మాత్రం తీసుకోకండి. అది తప్పు, అవసరమూ లేదు.

ఇక చదువు. నా 45 రోజులు అయ్యాక మూడు వారాలు ఊళ్ళో ఉన్నాను. నాన్నగారికి ఒంట్లో బాగాలేక కొట్లో నన్ను కూర్చోమన్నారు. చిట్టా రాయడం, ఖాతా పుస్తకంలో రైతుల బాకీలు చూసుకోవడం నా పని. మా వైపు ఎరువులు, పురుగుమందులు అరువు మీదే పోతాయి, పంట చేతికొచ్చాకే డబ్బు. కొట్టు బాగా నడుస్తోందని ఊరంతా అంటారు, ఇంట్లో మాత్రం డిస్ట్రిబ్యూటర్‌కి కట్టాల్సిన తేదీ వచ్చేసరికి అమ్మ నగలు బ్యాంకుకి వెళ్ళేవి. చిన్నప్పటినుంచి చూస్తున్నా కారణం నాకు ఆ మే నెలలోనే అర్థమైంది.

లెక్క ఇలా ఉంటుంది. 9 లక్షల 20 వేలకి తెచ్చిన సరుకు 10 లక్షలకి అమ్మాం. లాభం 80 వేలు. కానీ అందులో వసూలైంది 6 లక్షలే. డిస్ట్రిబ్యూటర్‌కి కట్టాల్సింది 9 లక్షల 20 వేలు. పుస్తకంలో లాభం ఉంది, చేతిలో 3 లక్షల 20 వేలు తక్కువ ఉంది. నాన్నగారు ఎప్పుడూ అనేవారు, "అమ్మిన రోజు కాదురా, డబ్బు చేతికొచ్చిన రోజే అమ్మినట్టు" అని. కాలేజీలో మొదటి వారం అకౌంటింగ్ క్లాసులో దీనికి ఎదురు చెప్పారు: అమ్మిన రోజే ఆదాయం రాయాలి అని. క్లాసులో సగంమంది ఇంజినీర్లు అక్కడే తికమకపడ్డారు. నాకు మాత్రం రెండూ నిజమేనని తెలుసు. లాభనష్టాల ఖాతా క్లాసులో చెప్పినట్టు నడుస్తుంది, క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ (డబ్బు రాకపోకల లెక్క) నాన్నగారి మాటకి దగ్గరగా ఉంటుంది, రైతుల బాకీలు బ్యాలెన్స్ షీట్లో (ఆస్తులు, అప్పుల పట్టికలో) ఆస్తుల వైపు కూర్చుంటాయి. ఆ మూడూ ఒకదానికొకటి ఎలా తగులుతాయో తెలిస్తే మొదటి టర్మ్ ఫైనాన్స్ భయం పోతుంది.

మీకు కొట్టు లేకపోవచ్చు. మీ వీధిలో కిరాణా కొట్టు ఉంటుంది, మెడికల్ షాపు ఉంటుంది, బాబాయో మావయ్యో ఎవరో ఒకరు వ్యాపారం చేస్తూ ఉంటారు. వారం రోజులు పక్కన కూర్చుని, సరుకు ఎన్ని రోజులుంటుంది, అరువు ఎన్నాళ్ళకి వసూలవుతుంది, వాళ్ళు ఎన్నాళ్ళకి కడతారు అని అడగండి. తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి అకౌంటెన్సీ పుస్తకం తీయండి. వాళ్ళ సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. అది అయ్యాక మీకు తెలిసిన ఒక కంపెనీ వార్షిక నివేదిక చదవండి. డాక్టర్ రెడ్డీస్ అయినా, హెరిటేజ్ ఫుడ్స్ అయినా, పాలు, మందులు మనకి తెలిసిన సరుకులే కాబట్టి అంకెలు పట్టుబడతాయి.

ఎక్సెల్ కూడా అలాగే నేర్చుకోండి. నేను నాన్నగారి బాకీలన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించి, ఏ ఊరి రైతులది ఎన్ని నెలలుగా ఉందో పివట్ టేబుల్‌లో చూపించాను. రెండు ఊళ్ళలోనే సగం బాకీ ఉందని ఆయనకి అప్పుడే కనిపించింది. పివట్, వీ-లుకప్, సమ్‌ఇఫ్స్ లాంటి ఎక్సెల్ పనిముట్లు ఇంత పనిలో వచ్చేస్తాయి. స్టాటిస్టిక్స్‌లో సగటు, ప్రామాణిక విచలనం, నార్మల్ డిస్ట్రిబ్యూషన్ ఒకసారి తిరగేస్తే చాలు. మార్కెటింగ్, స్ట్రాటజీ ఇప్పటినుంచే చదవక్కర్లేదు.

మీరు అడగలేదు గానీ, తెలుగు మీడియం నుంచి వచ్చి ఉంటే మనసులో ఉండే భయం నాకు తెలుసు. నేనూ పదో తరగతి వరకు తెలుగు మీడియమే. చాలా సబ్జెక్టుల్లో క్లాసులో మాట్లాడినందుకు మార్కులుంటాయి. మొదటి నెల నేను నోరు తెరవలేదు. ఒకరోజు అరువు వ్యాపారం మీద కేస్ స్టడీ (క్లాసులో చర్చకి ఇచ్చే ఒక కంపెనీ సమస్య) వచ్చింది, ఒక కంపెనీ డీలర్లకి అరువు గడువు తగ్గించాలా వద్దా అని. మా కొట్టు సంగతి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ప్రొఫెసర్ గారు ఆ అంకెలు బోర్డు మీద రాసి మిగతా క్లాసంతా దాని మీదే నడిపారు. రోజూ పేపర్లో బిజినెస్ పేజీలో ఒక వార్త చదివి, రెండు నిమిషాలు పైకి ఇంగ్లీషులో చెప్పుకోండి. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. రెండు నెలలకి తేడా మీకే తెలుస్తుంది.

చివరి పది రోజులు మాత్రం ఖాళీగా ఉంచుకోండి. అక్కడ మొదటి టర్మ్‌లో రాత్రి నిద్ర నాలుగైదు గంటలే. పళ్ళ డాక్టర్ దగ్గరికి, కళ్ళ డాక్టర్ దగ్గరికి ఇక్కడే వెళ్ళి రండి. ఉత్తరాది క్యాంపస్ అయితే స్వెటర్లు ఇక్కడ కొనకండి, మనవి ఆ చలికి ఆగవు. సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేసి పెట్టుకుని, మూడు సెట్లు జిరాక్స్ తీయించండి. ఒరిజినల్స్ ట్రైన్‌లో సూట్‌కేసులో కాకుండా మీ భుజం మీద సంచిలో పెట్టుకోండి. లోన్ కాగితాల్లో ఎక్కడైనా ఆగితే ఇక్కడే రాయండి, నా ఫైలు కాపీ ఇంకా ఉంది, చూసి చెబుతాను.