కంప్రెసర్ మార్చే ముందు ఒక మాట

ఒంగోలు, కర్నూలు రోడ్డు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్లో చెప్పిందే తలుచుకుంటూ పడుకున్నా, సరిగా నిద్ర పట్టలేదు. క్వారీ ఆయన కారు, అదే వెనక ఇనప స్ప్రింగులకు బదులు గాలి బెలూన్ల మీద నిలబడేది, తెల్లారేసరికి వెనక కూలబడి ఉంటోందనీ, మొన్నటిదాకా స్టార్ట్ చేసిన కాసేపటికి లేచేదనీ, ఇప్పుడు ఎంతసేపు చూసినా లేవడం లేదనీ, ఆ బెలూన్లకు గాలి కొట్టే కంప్రెసర్ కొత్తదానికి డబ్బులు కట్టమని ఆయనకు చెప్పబోతున్నాననీ అన్నావు. ఆ మాట ఇంకా చెప్పకపోతే చెప్పొద్దు. చెప్పేసి ఉంటే రెండు రోజులు గడువు అడుగు. ఫోన్లో చెబితే ముక్కలు ముక్కలుగా పోతుందని కాగితం మీద పెడుతున్నా.

కంప్రెసర్ చెడిపోయిందన్న నీ అనుమానం నిజమే కావచ్చు. అయితే దాన్ని చెడగొట్టింది ఏమిటో నువ్వు చూడలేదు. ఆ చిన్న మోటారు ఎక్కువసేపు తిరగడానికి చేసింది కాదు. మనుషులెక్కినప్పుడో, డిక్కీలో బరువు పడినప్పుడో ఒక్క నిమిషం తిరిగి బండిని సమం చేసి ఆగిపోవాలి. ఎక్కడో గాలి కారుతుంటే పాపం అది పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటుంది. వేడెక్కుతుంది, లోపలి పిస్టన్ రింగు అరుగుతుంది, చివరికి ఒత్తిడి పుట్టించలేక చేతులెత్తేస్తుంది. నువ్వు కొత్తది బిగిస్తే అదే చిల్లికి అది కూడా బలి.

ఈ సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నా. చాలా ఏళ్ళ కిందట కావలి నుంచి ఒకాయన ఇలాంటి బండే తెచ్చాడు. కంప్రెసర్ తిరగడం లేదు, నేను కొత్తది వేశా, బండి లేచింది, ఆయన సంతోషంగా వెళ్ళాడు. రెండు నెలలు తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. కొత్త కంప్రెసరే కాలిపోయింది. అప్పుడు కింద దూరి చూస్తే ఎడమ బెలూన్ మడత దగ్గర వెంట్రుకంత చీలిక. అది మొదటి రోజే ఉంది. చూడంది నేను. రెండో కంప్రెసర్ డబ్బులు ఆయన్ని అడగడానికి నాకు నోరు రాలేదు, నా చేతివే పెట్టుకున్నా. ఆ ఏడు పండక్కి మీ అత్తకు చీర కూడా తేలేకపోయా. నీకు ఆ గతి పట్టకూడదని ఇంతదూరం రాస్తున్నా.

నువ్వు లారీల మీద పెరిగినోడివి, గాలి నీకు కొత్త కాదు. బ్రేకు ట్యాంకులో ఏడెనిమిది కేజీల గాలి పెట్టి పాతిక టన్నుల బండిని ఆపుతున్నాం గదా. 2001లో వోల్వో బస్సులు మన దేశంలోకి వచ్చినప్పుడు కమాన్‌కట్టలకు బదులు గాలి మీద కూర్చున్న బస్సును చూసి మేమంతా నోరెళ్ళబెట్టాం. ఈ కారులోదీ ఆ వరసే, కాకపోతే చిన్నది, సుకుమారం. డిస్కవరీ, క్యూ7 లాంటి బళ్ళలో నాలుగు మూలలా గాలి ఉండే రకాలున్నాయి. నీ దగ్గరున్నదానికి ముందు ఇనప స్ప్రింగులు, వెనక రెండు బెలూన్లు. కంప్రెసర్, దాని నెత్తిన తేమ పీల్చే డ్రయ్యర్, గాలిని కుడికీ ఎడమకూ పంచే వాల్వు బ్లాకు, సన్నటి నైలాన్ పైపులు, ఎత్తు కొలిచే సెన్సర్లు, అంతే దాని సంసారం. గాలి పోవాలంటే వీటిలో నుంచే పోవాలి.

పనిలోకి దిగేముందు ఒక్కటి నాకు మాటివ్వు. గాలి మీద నిలబడిన బండి కిందికి దూరొద్దు. జాకీ ఒక్కటే నమ్ముకుని కూడా దూరొద్దు. బాడీ కింద, కంపెనీ చూపించిన చోట గట్టి స్టాండ్లు రెండు వైపులా పెట్టు. గాలి సస్పెన్షన్ ఫ్యూజు తీసి జేబులో వేసుకో. తలుపు తీసినా వేసినా దాని బుర్ర మేలుకుని బండిని దించే ప్రయత్నం చేయొచ్చు. నీ తల చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఉన్నప్పుడు అది జరిగితే నేను మా అక్కకు ఏం సమాధానం చెప్పుకోవాలి?

ఇప్పుడు కొలత సంగతి. టేపు తీసుకో. చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా కొలువు. నేల నుంచి కొలవొద్దు, టైరులో గాలి తక్కువుంటే లెక్క తప్పుతుంది. సమంగా ఉన్న సిమెంటు నేల మీద నిలిపి, వెనక కుడి ఎంత, ఎడమ ఎంత, రాత్రి ఒకసారి, తెల్లారాక ఒకసారి గోడ మీద సుద్దముక్కతో రాసుకో. కంప్రెసర్ పనిచేయడం లేదంటున్నావు కాబట్టి ముందు బయటి నుంచి గాలి ఎక్కించాలి. వాల్వు బ్లాకు దగ్గర ఒక్కో వైపు పైపు ఊడదీసి, సరిపోయే కనెక్టరు పెట్టి, గేజి ఉన్న పైపుతో మెల్లగా ఎక్కించు. మామూలు ఎత్తుకు రాగానే ఆపి పైపు కొస మూసెయ్. టైరులో 35 పాయింట్లుంటే దీన్లో దానికి రెండింతలకు మించే ఉంటుంది, కళ్ళద్దాలు లేకుండా ఏ పైపూ విప్పొద్దు.

ఇలా కొస మూసి రాత్రంతా వదిలితే ఒక సుఖముంది. వాల్వు బ్లాకు లెక్కలోంచి తప్పుకుంది. తెల్లారి ఆ వైపు దిగిందంటే దోషం బెలూన్‌దో పైపుదో. దిగకుండా నిలబడిందంటే బ్లాకుదో, దాని ఇవతలిదో.

ఫ్యూజు ఎందుకు తీయమంటున్నానో ఇంకో కారణం కూడా ఉంది. కొన్ని బళ్ళు ఆపేసిన తర్వాత కూడా మధ్యమధ్యలో మేలుకుని, ఒక మూల దిగి ఉంటే మిగతా మూలల్ని కూడా దానికి సమంగా దించుకుంటాయి. తెల్లారి చూసినోడికి అన్నీ కారుతున్నట్టే కనిపిస్తుంది. ఫ్యూజు తీసి ఉంటే జబ్బున్న మూల ఒక్కటే దిగుతుంది.

కొద్దిగా దిగితే కంగారు పడొద్దు. మన ఎండలకు మధ్యాహ్నం నలభై డిగ్రీలున్న గాలి తెల్లారుజామున ఇరవై ఎనిమిదికి వస్తే నాలుగు శాతం దాకా కుంచించుకుంటుంది. అందుకని కొన్ని మిల్లీమీటర్లు దిగడం సహజం. రెండు వేళ్ళు, మూడు వేళ్ళు దిగిందంటేనే వెతకాలి.

వెతకడం సబ్బు నీళ్ళతోనే. గిన్నెలు తోమే సబ్బు నీళ్ళలో కలిపి, చిక్కగా కాకుండా పల్చగా, మెత్తటి బ్రష్షుతో పూయి. మా గురువు కుంకుడు రసం వాడేవాడు, అదీ మంచిదే. బెలూన్‌లో గాలి నిండుగా ఉన్నప్పుడే చూడాలి, కూలబడినదాని మీద ఎంత పూసినా ఏమీ తెలియదు. బెలూన్ కింది భాగం పిస్టన్ మీదికి, అంటే అది కూర్చునే దిమ్మె మీదికి, మడతపడి లోపలికి దొర్లుతుంది చూడు, సగం కథ ఆ మడతలోనే ఉంటుంది. బండి కాస్త ఎత్తుగా ఉన్నప్పుడు ఆ మడత బయటికొస్తుంది. చిన్న అద్దం ఒకటి, టార్చి ఒకటి పట్టుకుని చుట్టూ చూడు. ఎండిన చెరువు అడుగు పర్రెలు బారినట్టు సన్నటి గీతలు కనిపిస్తాయి. అన్ని గీతలూ కారవు. ఒక్కచోట మాత్రం చీమ గుడ్డంత బుడగ పుడుతుంది, పగలదు, పక్కన ఇంకొకటి, ఆ పక్కన ఇంకొకటి, చూస్తుండగానే తెల్లటి నురగ ముద్దవుతుంది. తొందరపడొద్దు. సన్నటి కారుడుకు ఆ మొదటి బుడగ రావడానికి రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు. ఒకసారి పూసి, కదలకుండా కూర్చుని చూడు. పని ముగిశాక మంచినీళ్ళతో కడిగెయ్.

మీ చీమకుర్తిలో ఇంకో శత్రువు ఉంది, రాతిపొడి. గెలాక్సీ గ్రానైట్ కోసిన పొడి, సన్న గులకరాళ్ళు ఆ మడతలో చేరి, బండి ఊగినప్పుడల్లా రబ్బరును ఆకురాయిలా అరగదీస్తాయి. క్వారీ దారిన తిరిగే బళ్ళకు నెలకోసారి ఆ మడతలు నీళ్ళతో కడగమని చెప్పు. అట్లాగే వాటర్ సర్వీసు వాళ్ళు కింద డీజిల్ కొడతారు గదా, తళతళలాడుతుందని. రబ్బరుకు నూనె విషం. ఉబ్బి మెత్తబడి, తర్వాత పగులుతుంది. మీ షెడ్డులో మాత్రం ఆ పని చేయనివ్వొద్దు. కొత్తపట్నం వైపు, రొయ్యల చెరువుల వైపు తిరిగే బళ్ళకైతే ఉప్పుగాలికి కనెక్టర్లు, కంప్రెసర్ బ్రాకెట్లు తుప్పు పడతాయి, వాటి సంగతి వేరే.

బెలూన్ శుభ్రంగా ఉంటే పైపు చివరలకు రా. కనెక్టరులోకి దూరే చోట పాత పైపు మీద పళ్ళు దిగిన గాటు ఉంటుంది. ఎవరో ఒకసారి ఊడదీసి మళ్ళీ అదే గాటు మీద తోసి ఉంటే అక్కడే కారుతుంది. పదునైన బ్లేడుతో కొసను అర సెంటీమీటరు మేర పైపుకు అడ్డంగా, వంకర లేకుండా కోసి, లోపల తగిలేదాకా తోయి. కటింగ్ ప్లేయరుతో కొరికితే పైపు నలిగి గుండ్రం పోతుంది. టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, దాని పోగులు పోయి వాల్వులో ఇరుక్కుంటాయి.

వాల్వు బ్లాకు కారితే గాలి వదిలే రంధ్రం నుంచే తరచుగా పోతుంది. బండి ఆపి ఉన్నప్పుడు అక్కడ సబ్బు నీళ్ళు పెడితే బుడగ ఊగుతూ పెరుగుతుంది. బ్లాకులో తెల్లటి పొడి కనిపిస్తే డ్రయ్యర్‌లోని గుళికలు తేమకు పొడైపోయి కొట్టుకొచ్చాయని గుర్తు. అప్పుడు బ్లాకు ఒక్కటే మార్చి ఊరుకుంటే కొత్తదాన్నీ ఆ పొడే పాడుచేస్తుంది. డ్రయ్యర్ మార్చు, పైపులు గాలితో ఊది శుభ్రం చెయ్, ఆ తర్వాతే బ్లాకు.

బెలూనే పోయిందని తేలితే రెండూ మార్చమని ఆయనకు చెప్పు. రెండూ ఒకే ఎండను తిన్నాయి, ఒకే దారి తిరిగాయి. ఒకటి ఇవాళ పగిలితే రెండోది ఎంతో కాలం ఆగదు, ఇది అమ్మకం కోసం చెప్పే మాట కాదు. పంక్చర్ ముక్క అంటించమని ఎవరైనా అడిగితే ఒప్పుకోవద్దు. నిమిషానికి ఎన్నోసార్లు దొర్లే మడత మీద అతుకు నిలవదు, హైవే మీద వంద స్పీడులో ఊడితే ఆ పాపం మనది.

కొత్త బెలూన్ ఎక్కించేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. బిగించగానే స్టాండ్లు తీసి బండి దించేస్తారు. గాలి లేని కొత్త రబ్బరు మీద బండి బరువంతా పడి, మడత పడకూడని చోట పడుతుంది. కొత్త బెలూన్ మొదటిరోజే అక్కడ నలుగుతుంది. అందుకని బరువు స్టాండ్ల మీద ఉండగానే కొంచెం గాలి ఎక్కించు, మడత చుట్టూ సమంగా దొర్లిందా, బెలూన్ మెలి తిరిగిందా చేత్తో తడిమి చూడు, అప్పుడు స్టాండ్లు తీసి జాకీతో వేలు వేలు చొప్పున దించు. కూర్చునే చోట మట్టి, తుప్పు పూర్తిగా గీకెయ్. గ్రీజు పూయొద్దు.

కారుడంతా ఆగిందని రాత్రి కొలతలో తేలిన తర్వాత కంప్రెసర్ దగ్గరికి రా. ముందు ఫ్యూజు, తర్వాత మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు లాంటి రిలే. రిలే కాంటాక్టులు అతుక్కుపోతే తాళం తీసినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, బ్యాటరీ దిగిపోతుంది, మోటారు కాలిపోతుంది. కంప్రెసర్ మార్చిన ప్రతిసారీ రిలే కూడా మార్చు, దాని ఖరీదు ఎంత. గాలి పీల్చే ఫిల్టరు చూడు, మీ ఊళ్ళో అది రాతిపొడితో మూసుకుపోయి ఉంటుందని నా గట్టి నమ్మకం. మోటారుకు నేరుగా కరెంటిచ్చి చూస్తే, తిరుగుతూ ఒత్తిడి పుట్టిస్తుందో, ఊరికే మోత పెడుతుందో గేజిలో తెలుస్తుంది. వేడికి తనంతట తాను ఆగిపోయి, చల్లారాక బాగానే పనిచేసేవి ఉంటాయి. నీది అదే అయితే ఆయన డబ్బులు మిగిల్చినోడివవుతావు.

సెన్సర్ సంగతి రెండు ముక్కల్లో చెబుతా. రాత్రంతా దిగకుండా ఉండి, ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రం ఒక పక్క ఎగుడుదిగుడుగా నిలబడితే గాలి సంగతి పక్కనపెట్టి సెన్సరు చెయ్యి చూడు, దాని కీలు తుప్పుతో బిగుసుకుని ఉంటుంది. మారిస్తే స్కానరుతో ఎత్తు మళ్ళీ నేర్పాలి.

ఇనప స్ప్రింగులు వేసేయమని ఆయన అడుగుతాడు, అందరూ అడుగుతారు. కిట్లు దొరుకుతాయి, తప్పు అనను. కానీ డిక్కీ నిండా బరువేస్తే వెనక కిందికి వంగుతుంది, రాత్రుళ్ళు లైటు ఎదుటివాడి కళ్ళలో పడుతుంది, డాష్‌బోర్డు హెచ్చరిక ఆపే ఏర్పాటు కూడా చేయాలి. ఇవన్నీ ముందే చెప్పి, నిర్ణయం ఆయనకే వదిలెయ్.

పాత సామాను పారేయొద్దు. ఆ చీలిక ఆయనకు చూపించు, వేలుతో తాకనివ్వు. అంత ఖర్చు ఎందుకైందో అప్పుడు ఆయనకే అర్థమవుతుంది. బండి బాగయ్యేదాకా దాన్ని నడపొద్దని కూడా చెప్పు. కూలబడిన బెలూన్ మీద చీమకుర్తి నుంచి ఒంగోలు దాకా వచ్చినా చాలు, రబ్బరు ఇనుము మధ్య నలిగి ముక్కలవుతుంది.

ఆదివారం నేను పొదిలి వైపు వస్తున్నా, నీ షెడ్డులో ఆగుతా. అమ్మను అడిగానని చెప్పు. ఈ రాత్రికే గాలి ఎక్కించి పైపు మూసి, కొలిచి పెట్టు. తెల్లారి ఆరింటికి మళ్ళీ కొలిచి, కుడి ఎంతో ఎడమ ఎంతో నాకు ఫోన్ చెయ్, లేచే ఉంటా.

మీ మామ