బండి బాగోగులు: ముందు ఒక పన్ను, వెనుక మూడు పళ్లు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా చైన్, స్ప్రాకెట్ల (చైన్ తిరిగే పళ్ల చక్రాల) గురించే. వానాకాలమంతా బురదలో తిరిగిన చైన్లు ఇప్పుడు మార్పుకు వస్తున్నాయి. ఎలాగూ చైన్, రెండు స్ప్రాకెట్లు కలిసిన కిట్ మారుస్తున్నాం కదా, పళ్ల లెక్క కూడా మారిస్తే ఏమవుతుందని చాలామందికి సందేహం. నాలుగు ఉత్తరాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. నాది నాలుగు గేర్ల 100 సీసీ బండి. బట్టల మూటలు కట్టుకుని మాడుగుల నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి పాడేరు వైపు సంతలకు వెళ్తాను. ఎక్కుడులో రెండో గేరు వేస్తే ఇంజిన్ ఆగిపోబోతుంది. ఒకటో గేరులో గట్టిగా అరుస్తుంది కానీ బండి నడక వేగం దాటదు. ఈ మధ్య మరీ ఎక్కువైంది. ముందు స్ప్రాకెట్‌కు 14 పళ్లు, వెనుక 42 ఉన్నాయి, లెక్కపెట్టాను. వెనుక చక్రం 18 అంగుళాలది. టైరు అరిగిపోతే 2.75 సైజు బదులు 3.00 వేయించాను. వెనుక 45 పళ్లది వేద్దామని మెకానిక్, ముందు 13 వేస్తే చాలని మా బావమరిది. ఎవరి మాట వినాలి?
– ఒక బట్టల వ్యాపారి, మాడుగుల

జవాబు: పళ్లు లెక్కపెట్టి రాశారు, సంతోషం. "పికప్ లేదు, ఏం చేయాలి" అని ఒక్క ముక్క రాసి ఊరుకునేవారే ఎక్కువ.

వెనుక పళ్లను ముందు పళ్లతో భాగించండి. 42ను 14తో భాగిస్తే 3. అంటే ముందు స్ప్రాకెట్ మూడు చుట్లు తిరిగితే వెనుక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ఈ అంకె పెరిగితే లాగుడు పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. తగ్గితే దానికి ఎదురు. మీ బావమరిది చెప్పినట్టు ముందు 13 వేస్తే 3.23 వస్తుంది. మెకానిక్ చెప్పినట్టు వెనుక 45 వేస్తే 3.21. ఇద్దరూ దాదాపు ఒకే మాట చెబుతున్నారు! మీ బండిలాంటి వాటిలో ముందు ఒక పన్ను తగ్గించడం, వెనుక మూడు పళ్లు పెంచడం ఇంచుమించు సమానం. రెండింటిలోనూ చక్రం దగ్గర లాగుడు సుమారు 7 నుంచి 8 శాతం పెరుగుతుంది.

ఆ శాతం మీ కష్టం తీర్చేస్తుందని మాత్రం అనుకోకండి. నాలుగు గేర్ల బళ్లలో ఒకటో గేరు లాగుడు రెండో గేరు లాగుడుకు ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది. అంత పెద్ద ఖాళీని ఒక పన్ను పూడ్చలేదు. నిలువు మలుపుల్లో మీరు ఇంకా ఒకటో గేరులోనే ఎక్కుతారు. అయితే మలుపుకూ మలుపుకూ మధ్య, రెండో గేరు అందినట్టే అంది ఆగిపోబోయే చోట్ల ఇక ఆగిపోదు. పైకి వెళ్లే కొద్దీ గాలి పలచబడుతుందని కూడా గుర్తుంచుకోండి. పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం కోస్తా కంటే పదో వంతు తక్కువ, ఇంజిన్ బలం కూడా దాదాపు ఆ మేరకు పడిపోతుంది. మీరు పెంచుకునే లాగుడు కొండ తీసుకున్నదానికి పరిహారంగానే సరిపోతుంది. దిగేటప్పుడు మాత్రం అదనపు లాభం ఉంది: ఇంజిన్ బండిని మరికొంత గట్టిగా పట్టి ఉంచుతుంది, బ్రేకులకు శ్రమ తగ్గుతుంది. మూటలతో ఘాట్ దిగేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఇక "ఈ మధ్య మరీ ఎక్కువైంది" అన్నారే, దాని కారణం మీ ఉత్తరంలోనే ఉంది. 2.75 టైరు బదులు 3.00 వేస్తే చక్రం వ్యాసం 2 శాతం పెరుగుతుంది. వెనుక స్ప్రాకెట్‌లో దాదాపు ఒక పన్ను తీసేసినట్టే లెక్క. మూటలు మోయడానికి లావు టైరు మంచిదే, వద్దనను. కానీ దాని ఖర్చు లాగుడులో కట్టారు. ఇంకా అనుమానం ఉంటే బండిని సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనుక చక్రాన్ని చేత్తో తిప్పండి. తేలికగా తిరగకుండా వెంటనే ఆగిపోతే బ్రేక్ షూ పట్టేస్తున్నట్టు. ఎయిర్ ఫిల్టర్, క్లచ్ జారుడు కూడా చూపించుకోండి. పట్టేసిన బ్రేకును పళ్లు మార్చి గెలవలేరు.

13, 45లలో ఏది? ముందుది చవక, చిన్న పని. కవర్ విప్పి, పట్టీ బోల్టులు తీస్తే స్ప్రాకెట్ చేతికి వస్తుంది. చైన్ అర లింకు వదులవుతుంది కాబట్టి చక్రం సుమారు 3 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే సరిపోతుంది. వెనుక 45 వేస్తే స్ప్రాకెట్ చుట్టూ 6 మిల్లీమీటర్ల మేర పెరుగుతుంది, చైన్ కేస్‌కు తగులుతుందేమో చూడాలి. చక్రం ఒక సెంటీమీటరు ముందుకు రావాలి. ముందుకు చోటు లేకపోతే ఎక్కువ లింకుల చైన్ కొనాలి.

ఇంత చెప్పాక 13దే మంచిదని అంటానని మీరనుకోవచ్చు. సగం మాత్రమే అంటాను. చిన్న స్ప్రాకెట్ చుట్టూ చైన్ మరీ వంగి తిరగాలి. ఇంజిన్ అదే బలంతో చిన్న చక్రాన్ని తిప్పితే చైన్ మీద పడే లాగుడు కూడా 7 శాతానికి పైగా పెరుగుతుంది. 45 వేస్తే చైన్ మీద ఆ అదనపు బరువు ఉండదు. అందుకని ఇప్పుడున్న చైన్‌లో ఇంకా బాగా జీవముంటే ముందు 13 వేసి కొన్ని సంతలు తిరిగి చూడండి. నచ్చితే, కిట్ మొత్తం మార్చే రోజున 14, 45 జోడు వేయించుకోండి. చివరికి మీ మెకానిక్ మాటే నెగ్గుతుంది, మీ బావమరిది వల్ల పరీక్ష చవకగా పూర్తవుతుంది.

ప్రశ్న: నాది 150 సీసీ బండి. హైదరాబాద్ నుంచి సూర్యాపేటకు తరచూ వెళ్తుంటాను. టాప్ గేరులో 80 దగ్గర ఇంజిన్ నిమిషానికి 6400 చుట్లు చూపిస్తుంది, హ్యాండిల్ వణుకుతుంది. ముందు 15 పళ్లు, వెనుక 43. ముందు 16 వేస్తే వణుకు పోయి మైలేజీ పెరుగుతుందని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?
– ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: 16 వేస్తే అదే 80 దగ్గర ఇంజిన్ సరిగ్గా 6000 చుట్లు తిరుగుతుంది. ఇంతవరకు మీ స్నేహితులు చెప్పింది నిజం. వణుకు పోతుందనడం మాత్రం సగం నిజమే. వణికేది ఇంజిన్ 6400 దగ్గర. అది ఇకపై 85 దగ్గర పలకరిస్తుంది. మీరు 80లోనే వెళ్తే హాయి, 85 దాటించే అలవాటుంటే మళ్లీ మొదటికే. పైగా ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు వదులైతేనో, హ్యాండిల్ చివరి బరువులు ఊడిపోతేనో కూడా ఇలాంటి వణుకే వస్తుంది. స్పానరుతో పోయే రోగానికి స్ప్రాకెట్ కొనడం ఎందుకు?

మైలేజీ సంగతి. 80 దగ్గర గాలిని చీల్చుకుని వెళ్లడానికి కావలసిన బలం పళ్లు మార్చినా మారదు. నెమ్మదిగా తిరిగే ఇంజిన్‌లో రాపిడి నష్టం కొంత తగ్గుతుంది, ఆ కొంతే మీకు మిగిలేది. ఎదురుగాలి ఉన్నా, వెనుక మనిషి కూర్చున్నా, ఫ్లైఓవర్ ఎక్కుతున్నా టాప్ గేరు లాగలేక నాలుగులోకి దిగాల్సి వస్తుంది. అక్కడ మిగిలింది ఇక్కడ పోతుంది. ఎల్బీనగర్ దాకా ట్రాఫిక్‌లో ఒకటో గేరు లాగుడు తగ్గినందువల్ల క్లచ్‌ను ఎక్కువసేపు జార్చాల్సి వస్తుంది. మీ బండి వారంలో ఐదారు రోజులు ఊళ్లోనే తిరిగితే నేను మార్చమనను. నూటికి తొంభై పాళ్లు హైవే మీదే తిరిగితే, ఒక్కరే వెళ్తుంటే, 16 వేసుకోండి. కొనే ముందు ఇంజిన్ కవర్ లోపల పెద్ద స్ప్రాకెట్ మీద చైన్ తిరగడానికి చోటుందో లేదో చూడండి. కొన్ని బళ్లలో కేసింగ్‌ను గీరేస్తుంది.

స్పీడోమీటర్ గురించి కూడా ఒక మాట. వేగం కొలిచేది ముందు చక్రం దగ్గరైతే ఏ తేడా రాదు. గేర్ బాక్స్ దగ్గరైతే, పళ్లు పెంచాక మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. మీటరు 75 అంటుంటే మీరు 80లో ఉంటారు. జరిమానా రసీదుకు మీ మీటరుతో పని లేదు.

ప్రశ్న: సార్, మా స్నేహితుడి బండికి ముందు 12, వెనుక 48 వేశాడు, రాకెట్‌లా లేస్తుంది. నాకూ వేయించుకోవాలని ఉంది. నాది 14, 42. చైన్ కూడా 428 తీసేసి లావుగా ఉండే 520 వేయొచ్చా?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: 48ను 12తో భాగించండి. 4 వచ్చింది. మీదిప్పుడు 3. అంటే ఇప్పుడు 60లో ఇంజిన్ ఎంత తిరుగుతుందో, అప్పుడు 45లోనే అంత తిరుగుతుంది. మొదటి కూడలి దాటేసరికి గేర్లన్నీ అయిపోతాయి, ఆ తర్వాత మిగిలేది అరుపే. పైగా 12 పళ్ల మీద చైన్ ఎంత త్వరగా అరుగుతుందో మీ స్నేహితుణ్ణి కొన్నాళ్లు ఆగి అడగండి. వారంటీ ఉన్న బండి అయితే మీ ఇంట్లోవాళ్లనూ అడగండి.

చైన్ అంకెలకు అర్థం ఉంది. మొదటి అంకె పిచ్, అంటే ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం, అంగుళంలో ఎనిమిదో వంతుల్లో. 4 అంటే అర అంగుళం, 12.7 మిల్లీమీటర్లు. 5 అంటే 15.875 మిల్లీమీటర్లు. తర్వాతి రెండంకెలు లోపలి వెడల్పును సూచిస్తాయి. 520 చైన్ 428 పళ్ల మీద కూర్చోనే కూర్చోదు. రెండు స్ప్రాకెట్లూ 520వి దొరికి, మీ బండి షాఫ్టుకూ హబ్బుకూ సరిపోయినా, మీ ఇంజిన్‌కు అంత బరువైన చైన్ అవసరం లేదు. మంచి 428 చాలు.

ప్రశ్న: ముందు స్ప్రాకెట్ ఒక్కటే మార్చి పాత చైన్ కొనసాగించవచ్చా?
– ఒక రైతు, కోదాడ

జవాబు: చైన్ సాగిందో లేదో కొలిచి చూడండి. 428 చైన్‌ను బిగువుగా లాగి, ఒక పిన్ను మధ్య నుంచి లెక్కపెడుతూ ఇరవయ్యో లింకు దాటిన పిన్ను మధ్య వరకు కొలవండి. కొత్తదైతే 254 మిల్లీమీటర్లు. 259 దగ్గరికి వచ్చిందంటే దాని పని అయిపోయింది. సాగిన చైన్ కొత్త పళ్లను కొద్ది రోజుల్లోనే కొక్కెంలా వంచేస్తుంది. అప్పుడు మూడూ కలిపి మార్చడమే చవక. 256 లోపలే ఉంటే, వెనుక పళ్లు వంగకుండా ఉంటే, ముందుది ఒక్కటే మార్చుకోవచ్చు. చైన్ బిగించేటప్పుడు లాక్ క్లిప్ మూసి ఉన్న వైపు చైన్ కదిలే దిక్కుకు ఉండాలి; తిరగేసి పెడితే దారిలో ఊడిపోతుంది.