బాప్తిస్మం తీసుకుంటే పేరు మార్చుకోవాలా?

"నానమ్మ పెట్టిన పేరు వదులుకోవాలా?" అని అడిగారు. అక్కర్లేదండి, బైబిల్లో అలాంటి ఆజ్ఞ లేదు. బైబిల్లో కనిపించే తొలి క్రైస్తవుడు ఎపఫ్రొదితు పేరులోనే గ్రీకు దేవత అఫ్రొదితె ఉంది. ఖైదులో ఉన్న అపొస్తలుడు పౌలుకు ఫిలిప్పీ ఊరి క్రైస్తవ సంఘం పంపిన కానుక మోసుకెళ్లి, జబ్బుపడి చావు అంచుదాకా వెళ్లొచ్చింది ఆయనే. పౌలు ఆ పేరుతోనే పిలిచి "నా సహోదరుడు" అన్నాడు. ఈ మాట నాకెంతో ఇష్టం. బైబిల్లోని మరో ఇద్దరు క్రైస్తవులు అపొల్లో, ఫీబే పేర్లూ అలా గ్రీకు దేవతల పేర్లతో ముడిపడినవే. మన దగ్గర పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలో క్రైస్తవుడయ్యాక కూడా అదే పేరుతో ఉన్నారు. ఆయన కీర్తనలు ఇప్పటికీ చర్చిల్లో పాడుతున్నాం. ఇష్టపడి కొత్త పేరు పెట్టుకుంటే తప్పేం లేదు. ఎవరైనా బలవంతపెడితే టెన్షన్ పడకండి, చర్చి రిజిస్టర్‌లో పాత పేరే రాయమని అడగండి.