పొట్టేలు పిల్లల్ని మేపితే మిగులుతుందా?

ప్రశ్న: సార్, 50 పొట్టేలు పిల్లల్ని కొని షెడ్డులో 90 రోజులు మేపి బక్రీద్‌కి అమ్ముదామని ఉంది. 15 కిలోల పిల్ల 7,500 చెప్తున్నారు, దాణా కిలో 24. వర్కవుట్ అవుతుందా?
- ఓ పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: దాణా సంగతి తర్వాత, ముందు కొనే రేటు చూడండి బాబూ. 7,500 అంటే కిలో 500 పడ్డట్టు, రేపు లైవ్ వెయిట్ (బతికున్న జీవం తూకం) కిలో 420కే అడిగారనుకోండి ఆ 15 కిలోల మీదే 1,200 పోయినట్టు, అందుకే సంతలో బేరం గట్టిగా ఆడాలి. రోజుకు 120 గ్రాములు పెరిగితే 90 రోజులకు సుమారు 11 కిలోలు, కిలో పెరగడానికి 7 కిలోల దాణా వేసుకున్నా దాణా ఖర్చు 1,850 దాకా అవుతుంది, పెరిగిన బరువుకి 4,620 వస్తుంది. దాణా ఖర్చు, ఆ 1,200 పోను పిల్లకి మిగిలేది 1,500 పైచిలుకు, ఇందులో కూలీ, మందులు, ఆటో కిరాయి ఇంకా తియ్యలేదు! ఒక్క పిల్ల చచ్చిందంటే మిగతావాటి మీద తలా 150 పడుతుంది. దాణా మొదటిరోజే దండిగా పొయ్యకండి, పొట్ట ఉబ్బి పడిపోతాయి, రెండు వారాల్లో మెల్లగా పెంచండి. చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టి ఉన్నట్టుండి చచ్చే జబ్బు) టీకా, నట్టల మందు (కడుపులో పురుగులకి) పిల్లలు రాగానే వేయించండి. ఇంకోటి, బక్రీద్‌కి కొనేవాళ్లు చాలామంది వయసు తెలుసుకోడానికి పిల్ల నోరు తెరిచి పళ్లు చూస్తారు, మరీ చిన్న పిల్లలు తేకండి.