మే నెలలో నెల్లూరు వైపు వస్తే పక్షులు కనిపిస్తాయా?
కనిపిస్తాయి, కానీ ఫ్లెమింగోల కోసమైతే ఇప్పుడు రాకండి. పులికాట్ సరస్సులో అవి, నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు) చలికాలంలోనే ఎక్కువ, మే నాటికి నీళ్ళు తగ్గి చాలావరకు వెళ్ళిపోతాయి. నేనైతే ఎండాకాలంలో తీతువు పిట్టల కోసమే ఇస్కపల్లి ఉప్పుమడుల వైపు వెళ్తాను. ఇది చెట్టెక్కి గూడు కట్టదు, గులకరాళ్ళ మధ్య నేలమీదే మామూలుగా నాలుగు మచ్చల గుడ్లు పెడుతుంది, ఎండ మండిపోతుంటే పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకొచ్చి వాటిమీద కూర్చుని చల్లబరుస్తుంది. మీ తలమీద అరుస్తూ తిరుగుతోందంటే గుడ్లు దగ్గర్లోనే ఉన్నట్టు. దయచేసి వెంటనే వెనక్కి వచ్చేయండి, మీరు అక్కడ నిలబడ్డంతసేపూ ఆ గుడ్లు ఎండకి మాడుతుంటాయి. అడవి పిట్టలు కావాలంటే పెంచలకోన వెళ్ళండి, తెల్లారి ఆరింటికల్లా అక్కడుండాలి, తొమ్మిది దాటితే కోయిల కూత తప్ప పెద్దగా ఏమీ దొరకదు.