మూడు కార్డ్స్, ఒక జెరాక్స్ మెషీన్: పంక్ మీద పాఠకుల ప్రశ్నలు

(1975లో లండన్‌లో మొదలై 1978 జనవరిలో విడిపోయిన ఇంగ్లిష్ పంక్ (గరగరగా, వేగంగా, సాదాగా సాగే రాక్ సంగీతం) బృందం ‘సెక్స్ పిస్టల్స్’ను పోయిన సంచికలో పరిచయం చేశాం. వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి జవాబులివి.)

ప్రశ్న: రెండున్నరేళ్లు కూడా నిలవలేదు, చేసింది ఒక్క స్టూడియో ఆల్బమ్. టీవీలో బూతులు తిట్టడం తప్ప వీళ్లు కుర్రకారుకి ఇచ్చిందేమిటి? (విజయనగరం)

తిట్లతో వచ్చింది పేరు మాత్రమే. 1976 డిసెంబర్ 1న బిల్ గ్రండీ టీవీ కార్యక్రమంలో వాళ్లు నోరు జారింది లండన్ ప్రాంతంలోనే ప్రసారమైంది. దాన్ని దేశమంతా చాటింది మర్నాటి పత్రికలే. ఆ నెల కచేరీల్లో చాలావాటిని ఊరి పెద్దలే రద్దు చేయించారు. వేల్స్‌లోని కేర్‌ఫిల్లీలో లోపల బృందం వాయిస్తుంటే బయట కారు పార్కులో ఊరివాళ్లు క్రిస్మస్ కీర్తనలు పాడుతూ నిలబడ్డారు. ఇంతకన్నా ఉచిత ప్రచారం ఏముంటుంది?

అసలు ప్రభావం అంతకు ఆరు నెలల ముందే మాంచెస్టర్‌లో కనబడింది. 1976 జూన్ 4న లెస్సర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో జరిగిన కచేరీకి టికెట్ 50 పెన్నీలు, వచ్చింది నలభై మంది చిల్లర. నేనూ ఉన్నానని తర్వాత చెప్పుకున్నవాళ్లు వేలల్లో తేలారు, అది వేరే సంగతి. నిజంగా ఉన్నవాళ్లలో పీటర్ హుక్ మర్నాడే వెళ్లి బేస్ గిటార్ కొన్నాడు. అతనూ, పక్కనే ఉన్న బెర్నార్డ్ సమ్నర్ కలిసి మొదలెట్టిన బృందమే తర్వాత జాయ్ డివిజన్ అయింది. తర్వాత స్మిత్స్ బృందం గాయకుడైన మోరిస్సీ కూడా ఆ హాల్లోనే ఉన్నాడు. వీళ్లను ముగ్ధుల్ని చేసింది కచేరీ గొప్పతనం కాదు. ‘ఈమాత్రం మనమూ చేయగలం’ అనిపించింది, అంతే.

ఆ కచేరీ ఏర్పాటు చేసిన హోవర్డ్ డెవోటో, పీట్ షెల్లీల బృందం బజ్‌కాక్స్. వీళ్లు రికార్డు కంపెనీ కోసం కాచుక్కూర్చోలేదు. తెలిసినవాళ్ల దగ్గర 500 పౌండ్లు అప్పు చేసి, 1976 డిసెంబర్ 28న నాలుగు పాటలు రికార్డు చేసి, 1977 జనవరి 29న సొంత లేబుల్ మీద వెయ్యి కాపీలు విడుదల చేశారు. ఏ పాట ఎన్నో టేక్‌లో (ఎన్నోసారి వాయించినప్పుడు) వచ్చిందో, దానిపై ఏం చేర్చారో అట్ట మీదే అచ్చేశారు. ఇలా గుట్టు విప్పడాన్నే మేం ఈ ఉద్యమంలో అతి ముఖ్యమైన పని అంటాం. చివరికి ఆ రికార్డు పదహారు వేల దాకా అమ్ముడైంది.

ప్రశ్న: వాళ్లకి వాయించడం రాదట, నిజమేనా? (నెల్లూరు)

సగం అబద్ధం. రానిది బేస్ గిటార్ పట్టిన సిడ్ విషస్‌కి. 1977 ఫిబ్రవరిలో గ్లెన్ మ్యాట్లాక్ స్థానంలో అతన్ని తీసుకున్నది వేషానికే. ఆల్బమ్‌లో బేస్ చాలావరకు గిటారిస్టు స్టీవ్ జోన్సే వాయించాడు. పాల్ కుక్ డ్రమ్స్ ఎక్కడా లయ తప్పవు. మొత్తం 12 పాటల్లో 10 పాటల రచనలో మ్యాట్లాక్ చేయి ఉంది. నిర్మాత క్రిస్ థామస్ గిటార్‌ను పొరలు పొరలుగా రికార్డు చేయించాడు. ఒక్క గిటార్‌తో ఇంట్లో ఆ మోత రాలేదని బాధపడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: పవర్ కార్డ్స్ పట్టుకుంటే నాకు అంతా గోలగోలగా వస్తోంది. తప్పెక్కడ? (గుంటూరు)

కార్డ్ అంటే కొన్ని స్వరాలను ఒకేసారి మోగించే పట్టు. ముందు ఆ పట్టు చూసుకోండి. ‘జి’ కార్డ్ కోసం లావు తీగ (6వది) 3వ ఫ్రెట్‌లో చూపుడు వేలు, 5వ తీగ 5వ ఫ్రెట్‌లో ఉంగరం వేలు, 4వ తీగ 5వ ఫ్రెట్‌లో చిటికెన వేలు. ఇదే పట్టును రెండు ఫ్రెట్లు పైకి జరిపితే ‘ఎ’. ‘ఈ’ కార్డ్ కోసం అదే ఆకారాన్ని ఒక తీగ కిందికి దించి, చూపుడు వేలు 5వ తీగ 7వ ఫ్రెట్‌లో, మిగతా రెండూ 9లో పెట్టండి. ఎ, ఈ, జి: 1977లో ఒక ఇంగ్లిష్ అభిమాన పత్రిక బొమ్మలేసి, ‘ఇక బృందం పెట్టుకో’ అని చెప్పిన మూడు కార్డ్స్ ఇవే.

మన భాషలో చెప్పాలంటే పవర్ కార్డ్‌లో ఉన్నది స, ప, పై స. గాంధారం లేదు. తంబురాలాగే అన్నమాట. ఆంప్ (గిటార్ మోతను పెంచే పెట్టె) గరగరలో రెండు స్వరాలు కలిసినప్పుడు వాటి కంపన సంఖ్యల మొత్తం, తేడా కూడా కొత్త స్వరాలై పుడతాయి. స, ప ల నిష్పత్తి దాదాపు 2:3 కాబట్టి తేడా (1) కింది స్థాయి షడ్జమవుతుంది, మొత్తం (5) ఆ షడ్జానికి సహజంగా పుట్టే అనుస్వరాల్లోనే కలిసిపోతుంది. గాంధారం చేరితే, అందులోనూ గిటార్ ఫ్రెట్లలో అది 4:5 నిష్పత్తిలోని సహజ అంతర గాంధారం కన్నా 14 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరోవంతు) ఎక్కువ కాబట్టి, కీచులాట మొదలవుతుంది.

మీ గోలకి కారణం బహుశా వదిలేసిన తీగలు. చూపుడు వేలిని కాస్త పడుకోబెట్టి సన్నతీగలను నొక్కకుండా తాకించండి. 5వ తీగ మీద పట్టినప్పుడు అదే వేలి కొస 6వ తీగను తాకాలి. రెండోది గెయిన్ (ఆంప్‌లో గరగరను పెంచే మీట). సగానికి తగ్గించి, వాల్యూమ్ పెంచండి. ప్లెక్ట్రమ్‌ను (తీగలు మీటే ముక్కను) పైనుంచి కిందికే కొట్టండి, మణికట్టుతో. మోచేతితో కొడితే రెండు నిమిషాల్లో చేయి పీకుతుంది.

ప్రశ్న: కాలేజీ ఫెస్ట్‌లో సెక్స్ పిస్టల్స్ వేషం వేయాలి. నెత్తిన కోడిజుట్టు, చొక్కాకి పిన్నీసులు చాలా? (హైదరాబాద్)

కోడిజుట్టు తీసేయండి. ఆ మొహాక్ పంక్‌లో పాకింది 1980ల్లో. వీళ్లది పొట్టిగా, అడ్డదిడ్డంగా కత్తిరించి నిలబెట్టిన జుట్టు. బట్టలు మేనేజర్ మాల్కమ్ మెక్‌లారెన్, వివియన్ వెస్ట్‌వుడ్ కలిసి కింగ్స్ రోడ్ 430 నంబర్‌లో నడిపిన దుకాణానివి. చిరుగుల చొక్కా అంతకు ముందే న్యూయార్క్‌లో పంక్ సంగీతకారుడు రిచర్డ్ హెల్ ఒంటి మీద ఉంది. పాత చొక్కా సరిపోతుంది. చింపి, చిరుగును పిన్నీసులతోనే కలపండి, అలంకారంగా వరసలు గుచ్చకండి. సిడ్ లాంటివాళ్లు జనాన్ని రెచ్చగొట్టడానికి నాజీ స్వస్తిక వేసుకున్న ఫోటోలు కనబడతాయి. దాన్ని కాపీ కొట్టకండి. 1978 ఏప్రిల్ 30న లండన్ విక్టోరియా పార్కులో జాతివివక్షకు వ్యతిరేకంగా క్లాష్ లాంటి పంక్ బృందాలే వేదికెక్కాయి.

ప్రశ్న: మన దిగంబర కవులతో వీళ్లని పోల్చవచ్చా? (ఖమ్మం)

సంబంధం లేదు. మనవాళ్లు పదేళ్లు ముందు. పోలిక కావాలంటే తిట్లలో కన్నా పద్ధతిలో వెతకండి. 1965లో తొలి సంపుటిని హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. అయితే వాళ్ల వెనక మెక్‌లారెన్ లాంటి దుకాణదారు లేడు.

ప్రశ్న: ‘స్నిఫిన్ గ్లూ’ లాంటి జెరాక్స్ పత్రిక తేవాలనుకుంటున్నాం. ఎలా? (వరంగల్)

మార్క్ పెర్రీ అనే లండన్ బ్యాంకు గుమాస్తా 1976 జులైలో ఆ పంక్ అభిమాన పత్రికను యాభై కాపీలతో మొదలెట్టాడు. వేలల్లో పోతున్నప్పుడే, 1977లో, ఆపేశాడు. మా రాతలతో సరిపెట్టుకోకండి, మీరే ఒకటి పెట్టుకోండని పాఠకులకి చెప్పినవాడు.

మీరూ యాభైతో మొదలెట్టండి. ఎ4 కాగితం మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు, కాబట్టి పేజీల సంఖ్య ఎప్పుడూ నాలుగుతో భాగించబడాలి. 8 పేజీలకు కాపీకి రెండు కాగితాలు, మొత్తం వంద. కాగితాన్ని అడ్డంగా పెట్టి, ఎడమ కుడి వరసలో ఇలా అతికించండి: మొదటి కాగితం ఒకవైపు 8, 1, వెనక 2, 7. రెండోదాని మీద 6, 3. వెనక 4, 5. జెరాక్స్ అతనికి ‘పొట్టి అంచు మీద తిప్పాలి’ అని చెప్పండి. లేకపోతే వెనక పేజీలు తలకిందులవుతాయి.

చుట్టూ సెంటీమీటరు ఖాళీ వదలండి, మెషీన్ అంచుల దాకా అచ్చు వేయదు. నీళ్ల జిగురు కాగితాన్ని ఉబ్బిస్తుంది, గ్లూ స్టిక్ వాడండి. సెక్స్ పిస్టల్స్‌కి అట్టలు, పోస్టర్లు గీసిన జేమీ రీడ్ పోస్టర్లలోలా పత్రికల అక్షరాలు కత్తిరించి అతికిస్తే అంచుల నీడలు నల్లగీతలై పడతాయి. ఒక కాపీ లేత రంగులో తీసి, గీతలను వైట్‌నర్‌తో చెరిపి, దాన్నే అసలు ప్రతిగా వాడండి. నిగనిగలాడే ఫోటోలు నల్లముద్దలవుతాయి. దినపత్రికలో చుక్కలతో అచ్చయినవి బాగా వస్తాయి.

మధ్య మడత దాకా మామూలు స్టేప్లర్ అందదు. దాన్ని తెరిచి, కాగితాల కింద థర్మాకోల్ ముక్క పెట్టి గుచ్చండి. తర్వాత పిన్ను కొసల్ని చెంచా వెనకతో లోపలికి వంచండి.