పాత మస్టాంగ్‌కు నకలు కట్టిస్తే గిట్టుతుందా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది విజయవాడ. పదకొండేళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నాం. హెచ్-1బి మీద పనిచేస్తున్నాను, గ్రీన్‌కార్డు ఇంకా లైన్లోనే ఉంది. వచ్చిన కొత్తలో ఒక కార్ల ప్రదర్శనలో 1967 షెల్బీ జీటీ500 (ఫోర్డ్ మస్టాంగ్‌ను షెల్బీ సంస్థ మార్చి కట్టిన కారు) చూశాను. అప్పటినుంచి మనసు దానిమీదే. అసలు కారు కొనే తాహతు లేదు. కొత్తగా తయారైన బాడీ షెల్ తెప్పించి, కొత్త ఇంజిన్ పెట్టి అచ్చం అలాగే కట్టిస్తే 1,40,000 డాలర్లు అవుతుందని ఒక వర్క్‌షాపు వాళ్లు చెప్పారు. తుప్పు పట్టి పోయిన ఒక పాత మస్టాంగ్ విన్ ప్లేటు (గుర్తింపు నంబరు రేకు), టైటిల్ (యాజమాన్య పత్రం) కలిపి 9,000 డాలర్లకు ఇస్తామని ఆన్‌లైన్‌లో ఒకరు పెట్టారు. ఆ ప్లేటు కొత్త షెల్‌కు బిగిస్తే 1967 మస్టాంగ్‌గానే రిజిస్టర్ అవుతుందట. ఇలాంటి కార్లను 2,00,000 డాలర్లకు పైనే అమ్మకానికి పెట్టడం చూశాను. మా బావమరిది ఇద్దరం కలిసి ఎల్ఎల్‌సీ (చిన్న కంపెనీ) పెట్టి ఏడాదికి రెండు మూడు కట్టి అమ్ముదామంటున్నాడు. పెట్టిన డబ్బు వెనక్కి వస్తుందా? చట్టపరంగా చిక్కులున్నాయా? రిటైరయ్యాక కారును విజయవాడ తీసుకుపోవచ్చా?
– ఒక పాఠకుడు, ప్లేనో

జవాబు: ఆ ప్లేటుకు ఇంకా అడ్వాన్సు ఇవ్వకపోతే దయచేసి ఇవ్వకండి. మీ ఉత్తరంలో నన్ను బాగా కంగారుపెట్టింది 1,40,000 డాలర్ల ఖర్చు కాదు, ఈ 9,000 డాలర్ల బేరమే.

విన్ నంబరంటే కారు పుట్టుక గుర్తు. ఒక కారు నంబరు తీసి ఇంకో కారుకు బిగించడం చాలామంది అనుకుంటున్నట్టు కాగితాల సర్దుబాటు కాదు, నేరం. తెలిసి విన్‌ను తొలగించినా, మార్చినా ఫెడరల్ చట్టం కింద (18వ టైటిల్, సెక్షన్ 511) అయిదేళ్ల వరకు జైలు పడవచ్చు. టెక్సాస్ ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్ 501.151 కూడా వాహనం గుర్తింపు మార్చే ఉద్దేశంతో నంబరు వేయడాన్ని నేరంగానే చూస్తుంది. రిపేరులో భాగంగా తప్పనిసరై ప్లేటు తీసి మళ్లీ పెట్టేవారికి ఫెడరల్ చట్టం మినహాయింపు ఇచ్చింది. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు మీకు వినిపించేది ఈ మినహాయింపునే. కానీ మీరు చేయబోయేది రిపేరు కాదు. రిపేరు చేయడానికి అక్కడ కారే లేదు కదా.

ఇక్కడ మస్టాంగ్ నిర్మాణం గురించి కొంచెం చెప్పాలి. పాత ట్రక్కుల్లో చట్రం వేరు, పైన బాడీ వేరు. బాడీ మార్చినా చట్రం పాతదే కాబట్టి అది అదే బండి అని వాదించడానికి కొంత చోటుంటుంది. మస్టాంగ్‌కు విడిగా చట్రం లేదు, బాడీయే చట్రం. అందుకే షెల్ మొత్తం కొత్తది తెచ్చాక పాత కారులో మిగిలేది ఏమీ ఉండదు. నాలుగు నట్లు, ఒక ప్లేటు అటునుంచి ఇటు వచ్చినంత మాత్రాన అది 1967 కారు కాదు. ఒక పాత కారు కొని, కుళ్లిన ఫ్లోరు, ఫెండర్లు, క్వార్టర్ ప్యానెళ్లు మార్చుకుంటూ పోవడం వేరు. అది రిస్టొరేషన్, దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెబుతాను. ఆయన జీఎం కంపెనీ 1969 కమారో కారు ఒకటి మంచి ధరకే కొన్నారు. మోసం చేయాలన్న ఆలోచన ఆయనకు లేదు, కాగితాలు చూసే కొన్నారు. మూడేళ్ల తర్వాత అమ్మబోతే, కొనేవాళ్లు తెచ్చిన నిపుణుడు డ్యాష్‌బోర్డు మీది ప్లేటు దగ్గర ఆగిపోయారు. ఆ కాలపు జీఎం కార్లకు ప్లేటు బిగించే రివెట్లు ఆరు రేకుల పువ్వులా ఉంటాయి. ఈ కారుకు మామూలు రివెట్లున్నాయి. విషయం పోలీసుల దాకా వెళ్లింది, కారును స్వాధీనం చేసుకున్నారు. కొన్న డబ్బు, దానిమీద పెట్టిన ఖర్చు, రెండేళ్ల టెన్షన్ అన్నీ ఆయనవే. అమ్మినవాడు అప్పటికే ఊరు మారిపోయాడు. ఆయన ముఖం గుర్తుకొచ్చినప్పుడల్లా, కొనే ముందు ఒక్క ఫోన్ చేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మరి సరైన దారి ఏది? రెండున్నాయి.

మొదటిది, నిజమైన మస్టాంగ్ కొని దాన్నే బాగుచేసి జీటీ500 రూపు ఇవ్వడం. దీనికి ముందు విన్ చదవడం నేర్చుకోండి. 1967 మస్టాంగ్ నంబరులో మొదటి అంకె 7, అంటే 1967. రెండోది ఫ్యాక్టరీ అక్షరం: ఎఫ్ అయితే డియర్‌బోర్న్, ఆర్ అయితే శాన్‌హొసే, టీ అయితే మెటచెన్. (మెటచెన్ ప్లాంటు ఉన్నది న్యూజెర్సీ ఎడిసన్‌లో, ఇప్పుడు మనవాళ్లు అంతమంది ఉంటున్న ఆ ఎడిసన్‌లోనే. 2004లో మూతపడింది.) తర్వాత రెండంకెలు బాడీని చెబుతాయి: 01 హార్డ్‌టాప్, 02 ఫాస్ట్‌బ్యాక్ (పైకప్పు వెనక్కి వాలి ఉండేది), 03 కన్వర్టిబుల్. 1967 జీటీ500లు మొత్తం 2,048 తయారయ్యాయి, ప్రయోగానికి కట్టిన ఒకటి రెండు తప్ప అన్నీ శాన్‌హొసే నుంచి వచ్చిన ఫాస్ట్‌బ్యాక్‌ల మీద కట్టినవే. కాబట్టి టీ అక్షరం ఉన్న కారును ఎవరైనా అసలు షెల్బీ అంటే అక్కడే లేచి వచ్చేయవచ్చు. అమ్మకందారు ఇచ్చిన నంబరుతో మార్టీ రిపోర్ట్ తెప్పించుకోండి. ఫోర్డ్ లైసెన్సుతో 1967 నుంచి ఉన్న ఉత్పత్తి రికార్డుల ఆధారంగా ఇస్తారు. ఆ కారు ఏ రంగుతో, ఏ ఇంజిన్‌తో ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిందో అందులో ఉంటుంది. ఇన్నర్ ఫెండర్ ఏప్రాన్ (ఇంజిన్ పక్కన, ముందు చక్రం పైనుండే రేకు) మీద కొట్టిన నంబరు, తలుపు మీది డేటా ప్లేటు, టైటిల్, ఈ మూడూ కలవాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా కొనకండి.

రెండోది, కొత్త షెల్‌తోనే కట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పి టెక్సాస్‌లో అసెంబుల్డ్ (విడిభాగాలతో కట్టిన) వాహనంగా టైటిల్ తీసుకోవడం. షెల్ కొన్న బిల్లు, ఇంజిన్ బిల్లు, ప్రతి పెద్ద పార్టు రసీదు మీ పేరుతో ఉండాలి. ఆటో దొంగతనాల మీద శిక్షణ ఉన్న పోలీసు అధికారి నంబర్లు పరిశీలించి ఇచ్చే 68-ఏ ఫారం అవసరమవుతుంది. అర్హత ఉన్న మాస్టర్ టెక్నీషియన్ చేత భద్రతా తనిఖీ కూడా చేయించాలి. కొత్త విన్ రాష్ట్రమే కేటాయిస్తుంది. మీరుండే కాలిన్ కౌంటీలో 24 ఏళ్లు దాటిన పెట్రోలు కార్లకు పొగ పరీక్ష లేదు గానీ, అసెంబుల్డ్ వాహనానికి టైటిల్ మీద ఏ మోడల్ ఏడాది పడుతుందన్న దాన్నిబట్టి ఇది మారవచ్చు. ఇంజిన్ ఎంచుకునే ముందే కౌంటీ టాక్స్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఇంజిన్ బిగించేశాక అడిగితే లాభం లేదు.

ఇక డబ్బు సంగతి. 2,00,000 పైన ధర పెట్టినవి చూశానన్నారు. అవి ఎలాంటి కార్లో చూశారా? షెల్బీ సంస్థ లైసెన్సుతో కట్టి, వాళ్ల రిజిస్ట్రీ నంబరు ఇచ్చిన కంటిన్యుయేషన్ కార్లు ఉన్నాయి. వాటి ధర ఇనుముకు కాదు, ఆ నంబరుకు. పైగా అమ్మకానికి పెట్టిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. అచ్చం అలాగే ఉన్నా అసెంబుల్డ్ టైటిల్‌తో మీ కారు వస్తే, కొనేవాడు పార్టుల విలువ, పనితనం మాత్రమే లెక్కవేస్తాడు. వర్క్‌షాపు కూలీ గంటలకు పూర్తి ధర కట్టడు. పాత బండ్ల పని మొదట చెప్పిన లెక్కలో ఆగడమూ అరుదు. నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: లాభం కోసమైతే ఈ పని చేయకండి. పదిహేనేళ్లు మీరే నడుపుకుంటాను, పిల్లల్ని ఎక్కించుకుని తిప్పుతాను అనుకుంటే, ఆ డబ్బు ఇంటి అప్పుకు, చదువులకు అడ్డం రాకపోతే, చేయండి. అది మీ సంతోషానికి పెట్టే ఖర్చు. సొంత వాడకం కారు నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని పన్నులో తగ్గించుకోలేరు, లాభం వస్తే మాత్రం పన్ను కట్టాలి. ఇదీ లెక్కలో వేసుకోండి.

వర్క్‌షాపుతో నోటిమాట మీద పని మొదలుపెట్టవద్దు. బాడీ, పెయింటు, ఇంజిన్, వైరింగు అంటూ దశలుగా విడగొట్టి, ఒక్కో దశ పూర్తయ్యాకే డబ్బు ఇచ్చేలా రాసుకోండి. మీ డబ్బుతో కొన్న ప్రతి పార్టూ మీదేనని ఒప్పందంలో ఉండాలి. వాళ్ల షెడ్డు మూతపడినా, అప్పులవాళ్లు వచ్చినా మీ షెల్, మీ ఇంజిన్ మీకు దక్కేది ఆ కాగితంతోనే. బాకీ ఉంటే కారును తమ దగ్గరే ఉంచుకునే హక్కు టెక్సాస్ చట్టం వాళ్లకు ఇచ్చింది, కాబట్టి అదనపు పనికి మీ రాతపూర్వక అనుమతి తప్పనిసరి అని కూడా రాయించండి. ఇన్సూరెన్సు మామూలు పాలసీ తీసుకుంటే ప్రమాదం జరిగినప్పుడు ఆనాటి మార్కెట్ విలువే ఇస్తారు. ముందే ఒప్పుకున్న మొత్తం చెల్లించే అగ్రీడ్ వాల్యూ పాలసీ తీసుకోండి. అది రెప్లికా (నకలు) అని వాళ్లకు దాచకుండా చెప్పండి.

బ్యాడ్జీల గురించి మీరు అడగలేదు గానీ చెప్పాల్సిందే. సొంతానికి కట్టుకుని నడుపుకునే ఒక్క కారు మీద జీటీ500 అక్షరాలు పెట్టుకున్నందుకు ఎవరూ మీ ఇంటికి రారు. అమ్మకం దగ్గరే ట్రేడ్‌మార్కు గొడవ వస్తుంది. సినిమా కార్లను చూసి కట్టేవాళ్లకు ఇంకో మాట. బ్యాట్‌మొబైల్ నకళ్లు కట్టి అమ్మిన వ్యక్తి మీద 2015లో నైన్త్ సర్క్యూట్ కోర్టు కాపీరైటు ఉల్లంఘన అని తేల్చింది. అదే కోర్టు 2025 మేలో ఎలనార్ అనే సినిమా మస్టాంగ్ విషయంలో మాత్రం ఆ కారు కాపీరైటు పొందే పాత్ర కాదంది. ఇది కాపీరైటు మాట మాత్రమే, ట్రేడ్‌మార్కు వేరు. ఎప్పుడైనా మీ కారు అమ్మితే ఇది షెల్బీ తయారుచేసింది కాదు, రెప్లికా అని అమ్మకపు కాగితం మీదే రాయండి. తెలిసి తప్పుచెప్పి అమ్మితే టెక్సాస్ వినియోగదారుల చట్టం కింద నష్టానికి మూడింతల దాకా కట్టాల్సి రావచ్చు.

మీ బావమరిది మాటకు నా జవాబు: వద్దు. మీ హెచ్-1బి మిమ్మల్ని స్పాన్సర్ చేసిన కంపెనీలో పనిచేయడానికే. సొంత కారు ఒకటి కట్టుకుని, ఎప్పుడో అమ్ముకోవడం తప్పుకాదు. లాభం కోసం కట్టి అమ్మే ఎల్ఎల్‌సీలో మీరు శ్రమపడితే అది అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుంది. ఇంతకాలంగా వేచిచూస్తున్న గ్రీన్‌కార్డును మూడు కార్ల కోసం ప్రమాదంలో పెట్టకండి. ఆయన సిటిజన్ అయి ఒక్కరే చేసుకున్నా, రెప్లికాలను వ్యాపారంగా తయారుచేయడానికి వేరే చట్టముంది. 2015 డిసెంబరులో వచ్చిన ఆ చట్టం చిన్న తయారీదారులకు ఏడాదికి 325 కార్ల వరకు వెసులుబాటు ఇచ్చింది. కానీ జాతీయ హైవే ట్రాఫిక్ భద్రతా సంస్థ (ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ) దగ్గర నమోదు, కాలుష్య నిబంధనలకు తగిన ఇంజిన్, అసలు డిజైను హక్కుదారుల లైసెన్సు, అన్నీ ఉండాలి. ఏడాదికి రెండు మూడు కార్లకు ఇదంతా గిట్టదు.

విజయవాడకు తీసుకుపోవడం దాదాపు కుదరదు. ఇండియాకు తెచ్చే పాత కారు మూడేళ్లు దాటకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలన్నది మామూలు నియమం. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్లు దాటి, చట్రం, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉన్న వాహనాలకు. కొత్త షెల్‌తో కట్టిన కారు ఆ కోవలోకి రాదు. కారును ఇక్కడే నడుపుకుని, వెళ్లేటప్పుడు ఇక్కడే అమ్మేయడమే మేలు.

నిజమైన ఫాస్ట్‌బ్యాక్ ఏదైనా దొరికితే టైటిల్ రెండువైపులా, ఏప్రాన్ మీది నంబరు, డేటా ప్లేటు ఫోటోలు తీసుకుని, డబ్బు చేతులు మారకముందే ఒకసారి చూపించండి.